సెల్లార్‌ గది మీద ఒక స్ప్రింక్లర్

గద్వాలలో ఫ్లాటు తీసుకున్నాక మా అత్తమ్మను ఇటిక్యాల నుంచి మా దగ్గరికి తెచ్చుకున్నాం. మోకాళ్లు అరిగి ఇక చేనుకు పోలేకపోయేది. పై అంతస్తులో ఉండడం ఆమెకు నచ్చలేదు. "గాల్ల ఏలాడినట్టుంది బిడ్డా" అనేది. పొద్దున ఇంత తిని కిందికి దిగేది. సెల్లార్‌లో, బండ్లు నిలిపేచోట, వాచ్‌మన్ గది ముందు చాప వేసుకుని కూర్చునేది.

వాచ్‌మన్, అతని భార్య నల్లమల దిక్కు నుంచి వచ్చినవాళ్లు. ఆ అమ్మాయికి తల్లి లేదు. కాన్పయి దవాఖాన నుంచి రాగానే పసిపిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి నీళ్లు పోసింది మా అత్తమ్మే. ఆ అమ్మాయి ఆమెను "అవ్వా" అని పిలిచేది.

ఆ ఏడే మా పక్క వీధి అపార్ట్‌మెంట్‌లో చార్జింగ్‌ పెట్టిన స్కూటర్ అంటుకుని, సెల్లార్‌లో బండ్లన్నీ కాలిపోయాయి. మనుషులకేమీ కాలేదు గానీ మా అందరికీ భయం పట్టుకుంది. ఫైర్ ఆఫీసర్‌ను పిలిపించాం. ఆయన సెల్లార్ అంతా తిరిగి చూశాడు. పైకప్పు పొడవునా పైపులు వేసి, మంట లేస్తే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు పెట్టాలన్నాడు. మెట్లకు అడ్డంగా బండ్లు నిలపొద్దన్నాడు. చివరికి వాచ్‌మన్ గది ముందు ఆగాడు. లోపల గ్యాస్ పొయ్యి, ఉయ్యాలలో పిల్ల. బయటికి పోవాలంటే బండ్ల మధ్య నుంచే దారి.

"ఇక్కడ సంసారం ఉండొద్దు" అన్నాడు.

ఆదివారం అందరం సెల్లార్‌లోనే కూర్చున్నాం. స్ప్రింక్లర్ల సంగతి తొందరగానే తేలింది. గది దగ్గరే మాట ఆగింది.

"వాళ్లను ఊర్ల ఎక్కడన్న ఉండమందాం. ఆయన పగటీలి వచ్చి పని చేసి పోతడు" అన్నాడు కింది అంతస్తు పెద్దాయన. ఆ మాట కోపంతో అన్నది కాదు, పిల్ల మీద భయంతోనే అన్నాడు. వాచ్‌మన్ తల వంచుకుని నిలబడ్డాడు. అతని భార్య పిల్లను ఎత్తుకుని తలుపు చాటుకు జరిగింది.

మా అత్తమ్మ ఎన్నడూ మీటింగుల్లో నోరు విప్పి ఎరగదు. ఆ రోజు చాప మీద నుంచే అడిగింది.

"ఏం సారూ, నీళ్లు బండ్లకేనా? గా పిల్ల పండుకునే కాడ ఒకటి పెడితె ఏమైతది?"

చెయ్యి చాచి వెనక గోడ వైపు చూపించింది.

"ఎనక ఖాళీ జాగ ఉన్నది కద. ఆడ గది కట్టుండ్రి. అయ్యేదాంక గీ గదిల గూడ ఒకటి పెట్టుండ్రి. పొయ్యి బయట పెట్టుకుంటరు."

ఆ పెద్దాయనే ముందుగా "గట్లనే చేద్దాం" అన్నాడు.

ఎర్ర పైపులు వచ్చాయి. ఒక్కో స్ప్రింక్లర్‌కు చిటికెనవేలు కంటే సన్నటి గాజు గొట్టం. వేడి తగిలితే ఆ గాజు పగిలి నీళ్లు పడతాయని, మంట ఎక్కడుంటే అక్కడిదే పగులుతుందని పైపులు బిగించినాయన చెప్పాడు. గదిలో దాన్ని బిగిస్తున్నంతసేపూ అత్తమ్మ పక్కనే నిలబడి చూసింది.

వెనక గదికి గోడలు లేచాయి. ఇంకా కప్పు పడలేదు. ఒక మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే కింద ఫైర్ అలారం గంట మోగింది. మెట్ల మీదుగా పరుగెత్తాను. సెల్లార్ అంతా పొగ. గదికీ గేటుకూ మధ్య నిలిపిన స్కూటర్ మండుతోంది. దాని పైన స్ప్రింక్లర్ పగిలి నీళ్లు కుండపోతగా పడుతున్నాయి. మంట పూర్తిగా ఆరలేదు, కానీ పక్క బండి మీదికి పాకలేకపోతోంది. వాచ్‌మన్ మెయిన్ స్విచ్ దింపి గది వైపు ఉరుకుతున్నాడు. గదిలో అతని భార్య, పిల్ల, మా అత్తమ్మ ఉన్నారు.

ఆ నీళ్లలో నుంచే వాళ్లు గోడ వెంబడి బయటికి వచ్చారు. అత్తమ్మ పిల్లను కొంగులో చుట్టి రొమ్ముకు అదుముకుంది. ఆ అమ్మాయి అవ్వను నడుము పట్టి నడిపిస్తోంది. వాచ్‌మన్ ఎదురుపోయి ముగ్గురినీ గేటు బయటికి తెచ్చాడు. నేను అత్తమ్మను పట్టుకున్నాను. తడిసి వణుకుతోంది.

"నాకేం గాలె. ముందుగాల పిల్లను తుడువు" అంది.

నా చున్నీతో పిల్ల తల తుడిచాను. అది ఏడవలేదు. అత్తమ్మ ముక్కుపుల్లను పట్టుకుని లాగుతోంది. వాచ్‌మన్ భార్య మాత్రం అప్పుడు ఏడ్చింది. అవ్వ కాళ్ల దగ్గర నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చింది.

ఫైరింజన్ వచ్చి మిగిలిన మంట ఆర్పింది. ఒక్క స్కూటర్ పోయింది.

అత్తమ్మకు జరం వచ్చింది. ఆ అమ్మాయి మొదటిసారి మా ఇంట్లోకి వచ్చింది. అంతకు ముందు ఎంత పిలిచినా గడప దాటేది కాదు. జొన్న గటక పలుచటి జావలా కాచి ఊదుతూ తాగించింది. "నీకు ఉప్పు తెల్వదే" అని అత్తమ్మ కసిరింది, గిన్నె మాత్రం ఖాళీ చేసింది.

వెనక గది పూర్తయినప్పుడు పాలు పొంగించడానికి పొయ్యి వెలిగించమని అవ్వనే పిలిచారు. వితంతువునని ఆమె వెనక్కి జరిగింది.

"నువ్వు ఎలిగియ్యకుంటె మేం లోపటికి పోం అవ్వా" అన్నాడు వాచ్‌మన్.

అత్తమ్మ నా భుజం పట్టుకుని నెమ్మదిగా గడప దాటింది.