జేజి తోలు బిగించిన పలక

మొన్న ఆదివారం కర్నూలులో మా మేడమీద చింతగింజలు వేయిస్తుంటే, ఆ కమురు వాసనకు రాజంపేట దగ్గరి మా పల్లె, చర్చి ముందు ఆరబోసిన శనగకాయలు, మా జేజి, అంటే నాయనమ్మ, కళ్లముందుకొచ్చాయి. నా పక్కనే మా తాత పలక; ఆయన్ను జేజినాయన అనేవాళ్లం. మా వైపు డప్పును పలక అనే అంటారు. దానికి ఎవరో మేకులతో బిగించిన ప్లాస్టిక్ మూత పీకేశాను. చింతచెక్క చట్రం ఇంకా గట్టిగానే ఉంది.

ఆ పలకనెక్కి తొక్కినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఎక్కొద్దన్నారని ఎక్కాను. ఫట్టుమంది. కోతల పండుగకు ఇంక వారమే ఉంది. గుమ్మడికాయలు, కొర్రల మూటలు, కాళ్లు కట్టిన కోళ్లు మోసుకొని ఊరంతా చర్చికి నడిచేది ఆ పలక వెనకాలే. జేజినాయన చిరిగిన తోలు చూసి, పోయి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

జేజి మాత్రం కొంగు దోపుకుంది. పుట్టింట్లో ఆమె పలకలు చేసిందని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఏడ్సి ఏం లాభం? సించినదానివి నువ్వే గదా, రా, పని పట్టు" అంది.

మేకతోలు సున్నపునీళ్లలో నానబెట్టి, మూడో నాడు నాచేత వెంట్రుకలు గీకించింది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, తిరగట్లో విసిరి, జిగురుగా కాచి చట్రానికి పూసింది. తడితోలు పరిచి, నేనొకవైపు, తానొకవైపు లాగి తోలువారుతో బిగించాం. ఎండలో పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"పగుల్తాదే! నీడన ఆరనీ."

కుక్కలు రాకుండా రెండు రోజులు దాని పక్కనే కూర్చున్నాను. అన్నం కూడా అక్కడే.

పండుగ పొద్దున ఎండుగడ్డి మంట మీద పలక కాచి, జేజి పుల్లతో ఒక్క దెబ్బ వేసింది. ణంగుమంది! నా గుండెలోనే మోగినట్టయింది. జేజినాయన పరుగున వచ్చాడు.

"యాడ నేర్చినావే ఇదంతా?"

"మా ఇంట్లోనే. బాగుండాదా?"

"శానా బాగుండాది" అంటూ పలకను తన మెడకు వేసుకోబోయి, ఆగి, జేజి మెడలో వేశాడు. మా ఊరేగింపులో ఆడమనిషి పలక కొట్టడం అదే మొదలు. ఆమె పక్కన గంతులేస్తూనే చర్చి చేరాను.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. మేకతోళ్లు పచ్చివే లారీలెక్కి తోళ్ల ఫ్యాక్టరీలకు పోతున్నాయి. ఒక్క తోలుకోసం నాలుగు ఊళ్లు తిరిగాను. పల్లెలో కోతల పండుగకు పెద్ద పెద్ద స్పీకర్లొచ్చాయి. అయినా జేజి చేసినట్టే అన్నీ చేసి, మూడు రోజులు నీడన ఆరబెట్టి, నిన్న సాయంత్రం పలక కాచాను. పుల్ల ఎత్తి కొట్టాను.

"ఏందక్కా ఆ సప్పుడు? ఉండు, నేనూ వస్తాండా!" కింద వాటా ఆమె కేకేసింది.

ఆమె మెట్లెక్కేదాకా ఆగలేక మళ్లీ కొట్టాను.