చెప్పుల కింద టవాలు

మా సీమ మనిషికి పౌరుషం రక్తంలోనే ఉంటుందని మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అదే మనిషి ఎస్సై ఎదుట చేతులు కట్టుకొని పూటంతా నిలబడతాడు. ఎస్సై నోటికొచ్చినట్టు తిట్టినా ఆ రక్తం ఉడకదు. బలవంతుడి ముందు ఆగడం తెలిసినవాడికి పక్కవాడి ముందు ఆగడం తెలియదా? తెలుసు. ఆగితే నలుగురూ నవ్వుతారని భయం. ఆ భయానికి పెట్టుకున్న ముద్దుపేరే పౌరుషం.

డెబ్బైల చివర్లో ఆళ్ళగడ్డలో నంద్యాల బస్సెక్కడమంటే యుద్ధమే. బస్సు ఆగకముందే మగవాళ్ళు కిటికీల్లోంచి టవాళ్ళు లోపలికి విసిరేవాళ్ళు. టవాలు పడిన సీటు టవాలుగలవాడిది. దాన్ని తీసి పారేస్తే మనిషిని తన్నినట్టే లెక్క. ఆ గుడ్డముక్క కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్ళను చూశాను. కొట్లాట మొదలైతే డ్రైవరు బస్సును నేరుగా పోలీసుస్టేషనుకు తిప్పేవాడు. ఇక ఆ పూటకు ఎవరి ప్రయాణమూ సాగదు.

ఆ రోజు మా అక్కకు నంద్యాలలో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పిలుపు రావడమే గగనం. నాయనా నేనూ తోడు బయల్దేరాం. మొదటి బస్సు రాలేదు. రెండోదీ తప్పితే ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. నాయన అక్క కోసం కిటికీలోంచి టవాలు వేశాడు. తోసుకుంటూ లోపలికి వెళ్ళేసరికి ఆ సీట్లో ఒక బుర్రమీసాల మనిషి కూర్చున్నాడు. టవాలు అతని చెప్పుల కింద ఉంది.

"ఏందప్పా, టవాలు కనపళ్ళేదా?" అన్నాడు నాయన.

"కనపడింది. దానికి టికెట్ కొట్టించినావా?" అన్నాడు మీసాలాయన.

బస్సంతా నవ్వింది. నాయన చెయ్యి లేచింది.

వెనక సీటాయన ఒకడు అందుకున్నాడు. "టవాలు తొక్కినా ఊరకే చూస్తాండావేందన్నా? గాజులు తొడుక్కో పో!"

ఆయనకు నాయన ఎవరో తెలియదు, మీసాలాయనా తెలియదు. దారిలో పొద్దుపోవడానికి ఎవడిదో ఒకడి నెత్తురు చూడాలి, అంతే. ఇక గాజులంటారా, గాజులున్న అక్క చేతులే పక్కన సర్టిఫికెట్ల సంచిని గుండెలకు అదుముకొని ఉన్నాయి.

నాయన ఆ చేతుల వైపు చూశాడు. లేచిన చెయ్యి అట్లాగే పోయి పైకడ్డీని పట్టుకుంది. "కాలు తియ్యప్పా" అన్నాడు. టవాలు తీసుకొని, దులిపి, భుజాన వేసుకున్నాడు.

"తిన్న సంగటంతా దండగ!" అన్నాడు వెనకాయన. నంద్యాల దాకా ఆ నోరు మూతపడలేదు.

బస్సు దిగగానే అక్క ఇంటర్వ్యూ జరిగే బడి లోపలికి పరుగెత్తింది. గేటు బయట నిలబడి అడిగాను. "వాన్ని కొట్టాలనిపించలేదా నాయనా?"

"అనిపించక? ఇంగా అనిపిస్తానే ఉండాది."

"మరి?"

"వాన్ని రేపైనా కొట్టొచ్చు. పాప ఇంటర్వ్యూ రేపుంటాదా?"

అక్క వెళ్ళేసరికే ఆమె పేరు పిలుస్తున్నారట. ఉద్యోగం వచ్చింది. ఊళ్ళో మాత్రం నాయనకు చేతగానివాడనే పేరొచ్చింది. పొలం గట్టు తగాదాలో కొడవలి ఎత్తి జైలుకు పోయొచ్చినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, బీడీ ఇచ్చి, ఆ కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకునే ఊరు అది. దానికి నాయన ఎట్లా నచ్చుతాడు? ఆయన రోజూ పొద్దున్నే ఆ అరుగు ముందు నుంచే అక్కను బస్సెక్కించడానికి వెళ్ళేవాడు.