నాలుగు చేతుల పని

ఆయనకి వీధి పెట్టిన పేరు అచ్చుతప్పు. బతుకంతా పత్రికాఫీసులో ప్రూఫులు దిద్ది, రిటైరయ్యాక జనాన్ని దిద్దడం మొదలుపెట్టాడు. కొట్టు బోర్డు మీద దీర్ఘం తప్పితే ఆ సంగతి కొట్టువాడికి చెప్పేదాకా సరుకు అడగడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈయన నోరు చెడ్డదేమీ కాదు, ఊరుకోదు, అంతే. భార్య ఉన్నన్నాళ్ళూ వెనకాలే ఉండి, నొచ్చుకున్నవాళ్ళని నవ్వించి సర్దేది. పిల్లలు లేరు. ఆవిడ పోయాక సర్దేవాళ్ళు లేరు, ఇంటికి వచ్చేవాళ్ళూ లేరు.

మిగిలింది మోటారుసైకిలు. అది ఆయన పెళ్ళికంటే పాతది. ఏటా దాన్ని వరండాలో ఊడదీసి, ఉత్త ఫ్రేముని నిలబెట్టి, కిరసనాయిలు గుడ్డతో గొట్టం గొట్టం తుడుస్తాడు. అతుకు ఉన్న ప్రతిచోటా చిన్న సుత్తితో తట్టి చెవి పెట్టి వింటాడు. చీలిక ఉంటే మోత బొంగురు పోతుంది. రంగు పొక్కినచోట గీకి, తుప్పు పోయేదాకా రుద్ది, మళ్ళీ రంగు వేస్తాడు. ఆ పని చేస్తున్నంతసేపూ తనకెవరూ లేరన్న సంగతి గుర్తుకురాదు. పని అయ్యాకే ఇల్లు మీద పడుతుంది.

ఆ ఏడు ఫ్రేము బాగానే ఉంది. వెనక షాకబ్జార్బర్లు రెండూ నూనె కక్కుతున్నాయి. గుంటలో పడితే చాలు, బండి మేకపిల్లలా ఎగురుతోంది. నూనె కారకుండా ఆపే లోపలి సీళ్ళు మార్చాలంటే ముందు పైనున్న స్ప్రింగు తియ్యాలి. చిక్కంతా అక్కడే. ఒకరు బలమంతా పెట్టి స్ప్రింగుని కిందికి నొక్కిపట్టాలి, దాన్ని పైనుంచి ఆపుతున్న రెండు ఇనప బిళ్ళల్ని ఇంకొకరు లాగెయ్యాలి. మెకానిక్కుకి ఇవ్వొచ్చుగా అంటారేమో. ఇచ్చి చూశాడు. పాతవి పారేసి వేరే బండివి తగిలిస్తానన్నాడు మెకానిక్కు. మారుమాట లేకుండా బండి తోసుకుంటూ ఇంటికి తెచ్చేసుకున్నాడు.

ఇన్నేళ్ళూ ఆ తక్కిన రెండు చేతులూ తోడల్లుడివి. భార్య చెల్లెలి మొగుడు, కళ్ళజోళ్ళ కొట్టు పెట్టుకున్నవాడు. ఆ చెల్లెలు అక్కకంటే ముందే పోయింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ లేకపోతే తోడల్లుళ్ళకి చుట్టరికం ఏం మిగులుతుంది? మిగిలిన కాస్తా ఈయన భార్య సంతాపసభలో తెగిపోయింది. ఆవిడ పాఠాలు చెప్పిన బడిలో పెట్టిన సభ అది. తోడల్లుడు లేచి, "మా వదినకి ఇదే నా శ్రద్ధాంజళి" అన్నాడు. ముందు వరసలో తల వంచుకు కూర్చున్న ఈయన తల ఎత్తకుండానే, "అంజళి కాదు, అంజలి" అన్నాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. తోడల్లుడు చెప్పదలుచుకున్నది చెప్పకుండానే దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు.

ఎవడి కాళ్ళు పట్టుకోవాలి, నేనే చేసుకుంటానని ఈయన తాడూ చెక్కా వేసి ఒక్కడే నొక్కాడు. తాడు జారింది. చెక్క ఎగిరొచ్చి గడ్డానికి తగిలింది. స్ప్రింగు మాత్రం ఉన్నచోటే ఉంది. రక్తం తుడుచుకుంటూ నేలమీద చతికిలబడ్డాడు. నొప్పి ఓర్చుకోగలడు. ఈ వయసులో మీకిదేం పనని చీవాట్లు పెట్టే మనిషి లేకపోవడమే ఓర్చుకోలేకపోయాడు. బండి కదలకపోతే పోనీ, తోడల్లుడు ఇంక ఈ జన్మలో ఈ వరండా ఎక్కడేమోనని మొదటిసారి భయం వేసింది.

మర్నాడు కళ్ళజోళ్ళ కొట్టుకి వెళ్ళాడు. తోడల్లుడు తుడుస్తున్న అద్దం పక్కన పెట్టి, గడ్డం మీది పట్టీ చూశాడు. ఏమైందని అడగలేదు. స్ప్రింగు తియ్యాలి, చేతులు చాలడం లేదని చెప్పాడు ఈయన. మధ్యాహ్నం కొట్టు మూసి వస్తానన్నాడు తోడల్లుడు, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషితో అన్నట్టు.

వచ్చాడు. చొక్కా చేతులు మడిచి, ఒళ్ళంతా మోపి నొక్కాడు. స్ప్రింగు దిగింది. ఈయన బిళ్ళలు లాగలేదు. స్ప్రింగు నొక్కిపట్టినవాడు లేచి వెళ్ళిపోలేడని తెలిసే, గుండె చిక్కబట్టుకుని ఆ మాట అప్పుడన్నాడు.

"తమ్ముడూ, ఆ రోజు నాకు ఆ ఒక్క అక్షరమే వినపడింది. తక్కినదంతా వినే ధైర్యం లేకపోయింది."

తోడల్లుడి మొహం కందిపోయింది, బరువుకో మాటకో.

"ముందా బిళ్ళలు లాగండన్నయ్యా, చేతులు జారుతున్నాయి."

లాగాడు. ఆ తర్వాత రెండోదీ విప్పారు. సీళ్ళు మార్చి, నూనె పోసి, మళ్ళీ నొక్కి, బిళ్ళలు కూర్చి, ఫ్రేముకి బిగించేసరికి పొద్దు వాలింది. అది పట్టు, ఇది వదులు అన్న మాటలే తప్ప మరో మాట లేదు. తోడల్లుడు చేతులు కడుక్కున్నాడు. ఇంక ఏళ్ళ తరబడి ఆ షాకబ్జార్బర్లని ముట్టుకోనక్కర్లేదు. పని అంత బాగా కుదిరినందుకు ఈయనకి దిగులేసింది.

ఇంకేమైనా పనుందా అని మెట్ల మీద ఆగి అడిగాడు తోడల్లుడు.

తెలిసి తెలిసి ఒక్క తప్పు కూడా వదలని మనిషి నేలచూపులు చూస్తూ, వెనక చక్రం పక్కకి ఆడుతున్నట్టుంది అన్నాడు. చక్రాన్ని పట్టే బుష్షులు కిందటేడే మార్చాడు. అది వెంట్రుకవాసి కూడా ఆడదు.

తోడల్లుడు వెనక్కి వచ్చాడు. ఒంగి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపాడు. చాలాసేపు ఊపాడు.

"అవునన్నయ్యా, ఆడుతోంది" అన్నాడు. "ఆదివారం పొద్దున్నే వస్తాను."