అమ్మమ్మ టార్గెట్‌కి రాసిన నూనె

గన్నవరం దాటాక ఎప్పుడైనా వరిగడ్డి ఎత్తుకెళ్తున్న ట్రాక్టరు వెనక నా స్కూటీ చిక్కుకుపోతే, మంచుకి తడిసిన ఆ గడ్డి వాసనకి ఈ వయసులో కూడా నా అరచేతులకి చెమట పడుతుంది. ఆ వాసనకి అందరికీ పొలాలు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం బెజవాడలో కాలవ పక్కన మైదానం, అందులో వరసగా నిలబెట్టిన గడ్డి టార్గెట్లు, వాటికెదురుగా వెదురు విల్లు పట్టుకుని వణుకుతున్న ఏడేళ్ల పిల్ల కనిపిస్తాయి.

నేను ఉత్త పిరికిదాన్ని. కుక్కర్ కూతకీ, దసరా గుంపులకీ, ఆఖరికి చర్చిలో డ్రమ్ములకీ బెదిరి అమ్మమ్మ చెంగులో దూరేదాన్ని. "పిల్ల ఇట్టా బెదురుగొడ్డులా ఉంటే ఎట్టా?" అని నాన్న తీసుకెళ్లి విలువిద్యలో చేర్పించాడు. అక్కడ భయాలు తగ్గకపోగా కొత్తవి వచ్చి చేరాయి. నారి తగిలి ముంజేయి వాత తేలుతుందని భయం. విజిల్ ఊదాక అందరం బాణాలు పీక్కోవడానికి టార్గెట్ల దాకా నడుస్తుంటే, వెనక నుంచి ఎవరైనా వేస్తారేమోనని భయం. అన్నిటికన్నా పెద్ద భయం, నారి వదలడం. వదిలాక బాణం నా మాట వినదు కదా. "వదలబుద్ధి కాకపోతే మెల్లిగా దించెయ్యమ్మా" అన్నారు సార్ మొదట్లో. నేను అదొక్కటే నేర్చుకున్నాను. దసరా వెళ్లి, కార్తీకం వెళ్లి, ఇంట్లో క్రిస్మస్ పిండివంటలకి గులాబీ పువ్వులు వేయించే రోజులొచ్చినా, లాగడం, చుట్టూ చూడడం, దించెయ్యడం, అంతే. పండగలోపు ఒక్క బాణమైనా వెయ్యకపోతే తీసుకెళ్లిపోండని సార్ నాన్నతో చెప్పారు. బతికాననుకోవాలి నిజానికి. కానీ ఆ విల్లంటే నాకు ప్రాణం, అది ఎవరికో ఇచ్చేస్తారంటే ఏడుపొచ్చేది.

మా అమ్మమ్మకి అన్నిటికీ ఒకటే మందు, పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన కొబ్బరినూనె. జ్వరమొస్తే నుదుటికీ, నాన్న కొత్త బండి హ్యాండిలుకీ, అక్క పరీక్ష పెన్నుకీ అదే రాసేది. నా విల్లుకీ రాసింది. చెయ్యి జారుతుందని సార్ తుడిపించేశారు. ఆవిడ బాగా ఆలోచించి, పిల్ల భయం విల్లులో లేదు, ఎదురుగా ఉన్నదాంట్లో ఉందని తేల్చుకుంది.

ఆ పొద్దున మంచు ఇంకా విడలేదు. నన్ను దింపడానికొచ్చిన అమ్మమ్మ రోజూ కూర్చునే అరుగు మీద లేదు. బాణాలు వెయ్యమని విజిల్ ఊదారు. సార్ ఎవరికో ముంజేతికి ఆర్మ్ గార్డ్ బిగిస్తూ వంగి ఉన్నారు. అందరం నారి లాగాం. అలవాటుగా చుట్టూ చూశాను. నా టార్గెట్ వెదురు కాళ్ల మధ్య, వెనకవైపు, అమ్మమ్మ తెల్ల చీర కుచ్చిళ్లు. కాలవగట్టు మీదుగా వెళ్లిందన్నమాట. టార్గెట్ పక్కనుంచి గాజుల చెయ్యొకటి ముందుకొచ్చి, గడ్డికి అంటించిన రంగు కాగితం చుట్టూ నూనె రాస్తోంది. అరిస్తే పట్టు జారిపోతుంది. వేళ్లు తెగిపోతున్నాయి. వదిలితే అమ్మమ్మ చచ్చిపోతుంది. ఏడుస్తూ, నారిని ఒక్కొక్క వేలెడు చొప్పున విల్లు వైపు పోనిచ్చాను. అది పూర్తిగా దిగాకే అరిచాను.

"సార్, అమ్మమ్మ అక్కడుంది."

సార్ విజిల్ ఊదుతూనే అటు పరిగెత్తారు. పిల్లలందరూ విళ్లు దించేశారు.

"ఎందుకు బాబూ అంత పరుగు? అయిపోయిందిలే, నాలుగు మూలలా రాసేశాను" అంది అమ్మమ్మ సీసా మూత పెట్టుకుంటూ. సార్‌కి పెదాలు పాలిపోయాయి. "మంచిదండీ మామ్మగారూ, రండి" అని ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. తర్వాత నా పక్కకొచ్చి మోకాళ్ల మీద కూలబడి, "ఇప్పుడు వెయ్యి తల్లీ. నీలా చూసుకునేవాళ్లే వెయ్యాలి" అన్నారు. అమ్మమ్మ అరుగు మీదే ఉందని మళ్లీ మళ్లీ చూసుకుని వదిలాను. బాణం కాగితానికి తగల్లేదు, కింద గడ్డిలో దిగింది.

ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు లేచాయి. టార్గెట్లు గడ్డివి పోయి స్పాంజివి వచ్చాయట. అమ్మమ్మ కూడా పోయింది. బతికున్నన్నాళ్లూ ప్రతి క్రిస్మస్‌కీ చర్చిలో లేచి నిలబడి, ప్రార్థన నూనెతో తన మనవరాలి భయం ఎలా పోయిందో సాక్ష్యం చెప్పేది. ఆ భయం పోలేదని, అది ఉండబట్టే ఆవిడ అక్కడ నిలబడి ఆ మాట చెప్పగలుగుతోందని మా ఇంట్లో ఎవరమూ ఆవిడకి చెప్పలేదు.