ఆవిడ వైపు మీటరు

లోపల మంచం, పొయ్యి అమర్చుకుని ఇంటిలా తిప్పుకునే పాత వ్యానులంటే ఆ వీధిలో ఆయన రిపేరు షెడ్డే. వాటికి ఇంజను వెనకాల ఉంటుంది. నీళ్లు, రేడియేటరు ఏమీ ఉండవు, గాలికే చల్లబడాలి. కడుపులో ఎంత కాగుతోందో తెలియాలంటే ఇంజనాయిలు వేడి చూడటమొక్కటే దారి. అందుకని వచ్చిన ప్రతి వ్యానుకీ ఆయిలు గిన్నె అడుగున సెన్సరు బిగించి, వైరు ముందుకు లాగి, డ్రైవరు కళ్లెదుట మీటరు పెట్టి పంపేవాడు. జనం ఆయన్ని జ్వరాల డాక్టరు అనేవాళ్లు. "మనిషి మాట దాచుకుంటాడు, ముల్లు దాచుకోదు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు.

సొంత వ్యాను దగ్గరికొచ్చేసరికి మాత్రం స్టీరింగు వెనక చోటు చాలలేదు. మీటరుని భార్య కూర్చునే వైపు, ఆవిడ మోకాళ్ల దగ్గర బిగించి, తీరిగ్గా మారుద్దామన్నాడు. రెండు స్క్రూలు, గజం వైరు పని. పందొమ్మిదేళ్లయినా తీరిక దొరకలేదు.

దాంతో కొండ దారి వచ్చినప్పుడల్లా చదవడం ఆవిడ వంతు అయింది. నూట పది డిగ్రీలు దాటితే గేరు తగ్గించాలి, నూట ఇరవై దాటితే బండి ఆపాలి, ఆపినా ఫ్యాను గాలికి చల్లబడేలా రెండు నిమిషాలు ఇంజను ఆడుతూ ఉండాలి. ఆవిడ అల్లిక మీంచి కళ్లు దించి, "నూట అయిదండీ. మీ పెద్దకూతురు కులాసాగానే ఉంది, పోనివ్వండి" అనేది. పెద్దకూతురంటే ఇంజను. చిన్నది, అంటే కన్న కూతురు, వెనక మంచం మీద బోర్లా పడుకుని కిసుక్కుమనేది.

ఆవిడ పోయి ఏడు నెలలయింది. నాలుగు రోజుల జ్వరం. ఊపిరితిత్తులకి పాకింది, రెండు రోజుల ముందు తీసుకురావలసిందని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. పరామర్శకి వచ్చినవాళ్లు తలరాత అన్నారు, కాలం మానుపుతుందన్నారు. ఇలాంటి మాటలకి ఖర్చు లేదు కాబట్టి కరువూ లేదు. ఆయన మాత్రం ఒక్క అంకెనే పట్టుకుని నిలబడ్డాడు. "మూడు రోజులూ పొద్దునా సాయంత్రం చూసుకుంది. తొంభై తొమ్మిది దాటలేదు. తొంభై తొమ్మిదికి ఎవరైనా ఆసుపత్రికి పరిగెడతారా?" ఆ మాట అనగలిగిన రోజున ఆయనకి నిద్ర పట్టేది.

కూతురు వ్యాను తనకిమ్మంది. ఇచ్చేముందు కొండ దారిలో ఒకసారి చూపిస్తానని ఆయన స్టీరింగు పట్టుకున్నాడు. కూతురు తల్లి సీట్లో కూర్చుంది. మూడో మలుపు దాటుతుండగా అడిగాడు.

"ఎంతుందమ్మాయ్?"

"నూట పద్దెనిమిది."

"సరిగ్గా చూడు. ఇక్కడ నూట ఎనిమిది ఉంటుంది. పందొమ్మిదేళ్లుగా అంతే."

"పందొమ్మిదేళ్లుగా నూట పద్దెనిమిదే నాన్నా. అమ్మ పది తగ్గించి చెప్పేది." కూతురు నవ్వింది. "వెనకనుంచి నాకు ముల్లు కనబడేదిగా. నాకేసి తిరిగి కన్నుకొట్టేది. ఉన్నదున్నట్టు చెబితే మలుపుకో గంట ఆపి మూత తెరుస్తావని. 'మీ నాన్నకి నిజం చెబితే ఊరు చేరం' అనేది."

"ఓసి దీని దుంపతెగ" అన్నాడు ఆయన, మనస్ఫూర్తిగా నవ్వుతూ. ఏడు నెలల్లో అదే మొదటి నవ్వు. గేరు తగ్గించాడు. తర్వాతి మలుపు తిరిగేలోపు ఆ నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

పడక గది గుమ్మం గుర్తొచ్చింది. తను షెడ్డు నుంచి వచ్చి చేతుల నూనె తుడుచుకుంటూ "ఎంతుంది?" అనేవాడు. ఆవిడ అప్పటికే పాదరసం దిగేలా థర్మామీటరు విదిలించి గొట్టంలో పెట్టేసి ఉండేది. "తొంభై తొమ్మిదండీ. మీరు వెళ్లండి, పని పాడుచేసుకోకండి." మూడు రోజులు, ఆరుసార్లు. విదిలించాక అందులో ఏముంటుంది చూడటానికి? విదిలించకముందు ఒక్కసారైనా ఇటియ్యి అని తను అడగలేదు.

రోడ్డు పక్కకి తీసి వ్యాను ఆపాడు. ఇంజను ఆపలేదు.

"జ్వరం కూడా తగ్గించి చెప్పిందంటావా?"

కూతురికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు మానేసింది. "నేనప్పుడు ఇక్కడ లేను నాన్నా."

"ఫోన్లో నీకెంతని చెప్పింది?"

"నీకు చెప్పిందే చెప్పింది."

"గొంతెలా ఉంది?"

"నిద్రమత్తులో ఉందనుకున్నాను" అంది కూతురు.

ఇంజను ఆడుతూనే ఉంది. కూతురు మీటరు వైపు తల వంచింది. "నూట పదహారు" అంది. "పదిహేను."

ఆయన సీటు బెల్టు విప్పుకుని అటు వంగాడు. అంకె కంటికి అందలేదు. సీట్ల మధ్య ఇనప నేల మీద ఒక మోకాలు ఆన్చి, కళ్లజోడు ఎగదోసి, ముల్లుకి జానెడు దూరంలో మొహం పెట్టాడు.

నూట పదిహేనే ఉంది. కూతురు అబద్ధం చెప్పలేదు.

"లే నాన్నా, మోకాలు నొప్పెడుతుంది."

"ఉండు" అన్నాడు. "ముల్లు దిగేదాకా చూడనీ."