మా తమ్ముడి సినిమాకు మా నాయన నవ్విన నవ్వు

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడి క్యాన్లోకి తొంగిచూడనిదే గిన్నె పట్టను. 'అచ్చమైన నెయ్యి' అని పెద్దక్షరాలతో రాసుంటే ఆ డబ్బా జోలికే పోను. అందుకే ఆ సినిమా పోస్టరు మీద 'మనసు తేలికయ్యే నవ్వుల విందు, ఇంటిల్లిపాదీ రండి' అని చూడగానే ఏదో తేడాగా ఉందనుకున్నాను. నిజంగా నవ్వొచ్చేదైతే అంతగా బతిమాలడం ఎందుకు?

అయినా వెళ్ళక తప్పలేదు. దానికి మాటలు రాసినవాళ్ళలో మా తమ్ముడు ఒకడు. హైదరాబాదులో ఏళ్ళ తరబడి వాళ్ళ చుట్టూ వీళ్ళ చుట్టూ తిరిగాక, తెర మీద వాడి పేరు పడడం అదే మొదలు. "ఇది గూడా తేలకపోతే వచ్చేసి అంగట్లో కూసుంటా నాయనా" అని ముందే చెప్పేశాడు. చిత్తూరులో మాది పాత్రల అంగడి. నాయనకు మోకాళ్ళు అరిగిపోయాయి. అటక మీది బిందె దించాలన్నా పక్క కొట్లో గడియారాలు బాగుచేసే భాయిని కేకెయ్యాలి. వాడు తిరిగొచ్చేస్తే ముందు సుఖపడేది నాయనే.

నేను తిరుపతి నుంచి బస్సులో వచ్చి నేరుగా హాలుకు చేరాను. నాయన ముందు వరుసల్లో, తమ్ముడు వెనక ఎక్కడో మూల. సినిమా మొదలైన కాసేపటికి హీరో పెళ్ళివారి సాంబారు గుండిగలో పడ్డాడు. నాయన పకపకా నవ్వాడు.

నాకు అక్కడే అనుమానం పుట్టింది. టీవీలో ఎంతటి హాస్యం వచ్చినా కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చునే మనిషి ఆయన. పైగా ఆయన నవ్వగానే చుట్టూ రెండు వరుసలవాళ్ళు ఘొల్లుమన్నారు. తిరిగి చూస్తే అందరూ మా బజారువాళ్ళే. మిగతా హాల్లో ఒక్కరూ ఉలకలేదు. ట్రైలరులో చూపించిన జోకులే మళ్ళీ వస్తున్నాయి, వాటి నడుమ ఊరికే పాటలు, పలకరింపులు. నేను తెర వదిలేసి నాయన్నే చూడడం మొదలుపెట్టాను. ఆయన తుండుగుడ్డ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చడం, బజారంతా నవ్వడం. ప్రతిసారీ అంతే.

ఇంటర్వెల్లో భాయిని పట్టుకున్నాను. "ఏం మామా, అంత నవ్వొచ్చిందా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "యాడ నవ్వమ్మా? మీ నాయన తుండుగుడ్డ మారిస్తే నవ్వాలంట. పిల్లోడు ఎనకాల కూసోనుండాడు గదా, ఇంటాడని. దవడలు నొప్పెడతా ఉండాయి నాకు."

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కొడుకు ఇల్లు చేరితే బాగుపడే మనిషి, వాణ్ణి చేరనివ్వకుండా ఇంత పన్నాగం పన్నాడా? దీని వెనక ఇంకేమైనా ఉందా?

రెండో సగంలో హీరో తండ్రి వచ్చాడు. ఆయనకో అంగడి. పట్నంలోని కొడుకు ఫోన్ చెయ్యడు. చుట్టుపక్కలవాళ్ళ ముందు చిన్నతనమని, ఆయనే మోగని ఫోను చెవిన పెట్టుకుని "మీటింగులో ఉండావా నాయనా? సరేలే, టయానికి అన్నం తిను" అని గట్టిగా మాట్లాడుతుంటాడు. ఒకరోజు అలా మాట్లాడుతుండగానే కొడుకు సంచీ తగిలించుకుని అంగడి ముందు నిలబడతాడు. తండ్రి వాణ్ణి చూసి, తడుముకోకుండా ఫోనులో అంటాడు: "ఉండు నాయనా, ఎవురో గిరాకీ వచ్చినాడు. మళ్ళా మాట్లాడతా."

హాలు దద్దరిల్లిపోయింది. బాల్కనీలో ఎవరో ఈల వేశారు. బజారువాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వారు. నాయన తుండుగుడ్డ మాత్రం కదల్లేదు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆమధ్య తమ్ముడు చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చి, అన్నం కూడా సరిగా తినకుండా మర్నాడే వెళ్ళిపోయాడు. ఏమైందంటే చెప్పలేదు. అప్పుడు అయింది ఇదన్నమాట. అంతలో భాయి నవ్వు సగంలో ఆగింది. అచ్చం అలాంటి నాయన ఫోను మాటలు రోజూ పక్క కొట్లోంచి వింటున్నది ఆయనే. మెల్లగా తల తిప్పి నాయన వైపు చూసి, చటుక్కున మళ్ళీ తెర వైపు తిరిగాడు. తమ్ముడి మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటి గుట్టు ఊరందరికీ టిక్కెట్టు పెట్టి చూపించాడు.

బయట మెట్ల దగ్గర వాడు తల దించుకుని నిలబడ్డాడు. నాయన వెళ్ళి ఎదురుగా ఆగాడు.

"ఆ అంగడి సీను నువ్వు రాసిందే గదా?"

"ఊ. నేను రాసినదాంట్లో అదొక్కటే ఉంచినారు నాయనా. తప్పయిపోయింది. నేను వచ్చేస్తా, అంగట్లోనే..."

"ఆ మాట ఇంక అనొద్దు." నాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "తక్కినదానికంతా మేము శానా కష్టపడి నవ్వినాం రా. దానికి మాత్రం నవ్వమని నేనెవురికీ సెప్పలా. పో, పోయి ఇంకోటి రాయి."

తమ్ముడు ఏడుపు ఆపుకుంటూ, ఆయనను మెట్లు దింపడానికి చెయ్యి చాచాడు. నాయన ఆ చెయ్యి చూసి కూడా, "నాకు భాయి ఉండాడులే" అని ఆయన భుజం పట్టుకుని కిందికి దిగాడు.