తడిసిన డేరాల బరువు

మా మావయ్య ఒకప్పుడు మనిషిని ఎగాదిగా ఒక్క చూపు చూసి బరువు చెప్పేసేవాడు. ఇవి కోతలనుకుంటే అనుకోండి, నాకేం బాధ లేదు. తొమ్మిదో తరగతిలోనే చదువుకి దండం పెట్టి బయటపడ్డవాణ్ణి, కోతలు కూడా కొయ్యకపోతే నాకు పొద్దెలా పోతుంది? కానీ ఈ ముక్క మా అత్తయ్య కూడా ఒప్పుకుంటుంది. తొలిసారి కలిసినప్పుడు ఆవిణ్ణి చూసి ఆయన అన్న మొదటి మాట, "యాభై ఒకటిన్నర." అయినా పెళ్లి చేసుకుంది, అదీ ఆవిడ ధైర్యం.

మావయ్య సైనిక రవాణా విమానాల స్క్వాడ్రన్‌లో లోడ్‌మాస్టర్. విమానం కడుపులోకి వెళ్లే ప్రతి మూటా ఎంత బరువో తేల్చి, ఎక్కడ పెట్టాలో చూసి, పట్టీలతో బిగించడం ఆయన పని. తర్వాత ఆ సామానుతో పాటు తనూ ఎగరాలి. కట్టినవాడే వెంట వెళ్లాలన్నది ఆ స్క్వాడ్రన్ పుట్టినప్పటి కట్టుబాటు. ఊడితే ముందు వాడి నెత్తినే పడుతుంది కదా, జాగ్రత్తగా కడతాడని.

మొదట్లో వాళ్లకున్నవి మూడే విమానాలు. ఒకదానికి దగ్గు, ఒకదానికి కీళ్లనొప్పులు, మూడోది బాగా ఎండెక్కితే తప్ప నిద్ర లేచేది కాదు. రేకుల షెడ్డే హ్యాంగరు. కొండల మీద కాపలా ఉన్న సైనికులకి బియ్యం, కిరసనాయిలు, ఉత్తరాలు మోసేవాళ్లు. ఓసారి ఒక కంచరగాడిదను తీసుకెళ్తే, అది కిటికీలోంచి మబ్బులు చూసి ఎంత ముచ్చటపడిందంటే, దిగనని మొరాయించి అదే విమానంలో వెనక్కొచ్చేసింది.

"దిగిందిరా. నన్నొక తన్ను తన్ని మరీ దిగింది," అంటాడు మావయ్య.

ఆయన మాట ఆయనది, నా మాట నాది.

తర్వాత నాలుగేసి ఇంజన్ల పెద్ద విమానాలొచ్చాయి. భూకంపమొచ్చినా, వరదొచ్చినా, దారి తెగిన చోటికి ముందు వెళ్లేది వీళ్లే. ఇదంతా నల్ల అట్ట వేసిన ఒక లావుపాటి పుస్తకంలో ఎప్పటికప్పుడు రాసిపెట్టేవాళ్లు. దాన్నే స్క్వాడ్రన్ చరిత్ర అంటారు.

నాకు పదేళ్లప్పుడు అనుకుంటా, మావయ్య ఉన్నట్టుండి కంటితో బరువు చెప్పడం మానేశాడు. కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసొకటి కొన్నాడు. ఇక సొరకాయ లేదు, బట్టల మూట లేదు, బడి సంచీ లేదు, ఏది కనబడితే దాన్ని కొక్కేనికి తగిలించేవాడు. ఉద్యోగం ముదిరిందిలే అనుకుని మేమంతా 'తూకం మావయ్య' అని పేరు పెట్టుకున్నాం.

మొన్నామధ్య ఒక ఉత్తరం వచ్చింది. స్క్వాడ్రన్‌ని మూసేస్తున్నారు. శనివారం వీడ్కోలు సభ, పాతవాళ్లంతా రావాలి. సభ అయ్యాక చరిత్ర పుస్తకానికి సీలు వేసి మ్యూజియానికి పంపేస్తారు. ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి మావయ్యకి అన్నం సహించలేదు.

"మూసేది మిమ్మల్ని కాదుగా, ఇంత దిగులేమిటండీ?" అంది అత్తయ్య, వంటింట్లో గిన్నెలు తుడుస్తూ.

మావయ్య బల్ల ముందు కూర్చుని త్రాసు ముల్లునే చూస్తూ, మెల్లగా చెప్పాడు.

ఇరవై ఏడేళ్ల కింద కొండల అవతల లోయలో వరదొచ్చింది. ఇళ్లు పోయినవాళ్ల కోసం గుడ్డ డేరాలు పంపించాలి. పొద్దున్నే మూటలు చూసి, కంటితోనే లెక్కగట్టి, తూకం కాగితం మీద బరువు రాసేశాడు మావయ్య. తర్వాత రెండు గంటలు వాన. మూటలన్నీ ఆరుబయటే ఉన్నాయి.

"తడిసిన డేరా ఎంత బరువెక్కుతుందో నాకు తెలియదా? త్రాసు షెడ్డులోనే ఉంది, వంద అడుగుల దూరం. మళ్లీ తూస్తే నా కన్ను మీద నాకే నమ్మకం లేదనుకుంటారని వెళ్లలేదు."

విమానం కొండ దాటేంత ఎత్తుకి లేవలేదు. పైలట్ వెనక తలుపు తెరిపించి, డేరాల్లో సగానికి పైగా కిందికి తోయించాడు. అవతల లోయలో పిల్లాపాపలతో జనం మూడు రాత్రులు వానలో కూర్చున్నారు. విచారణలో పైలట్, "కొండ మీదుగా దగ్గర దారి ఎంచుకోవడం నా పొరపాటు" అని చెప్పేశాడు. పుస్తకంలోనూ అలాగే ఎక్కింది. ఆయన్ని విమానం దింపి ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఆయనెందుకలా చెప్పాడు మావయ్యా?" అన్నాను నేను.

"తూకం కాగితం మీద పైలట్ సంతకం పడ్డాక బరువు పైలట్‌దే. అదీ మా కట్టుబాటు. నేను దాని చాటున దాక్కున్నాను. శనివారం దాటితే ఇక ఆ మాట ఎవరూ దిద్దలేరు."

అత్తయ్య చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. "అయితే ఇన్నేళ్లూ నా సొరకాయల్ని ఉరి తీసింది ఇందుకా?" అంది. "శనివారం నేనూ వస్తాను."

కారు నేను నడిపాను. రెండు గంటల దారి గంటలో లాగించానని చెబుదామనుకున్నాను గానీ, ఇది అత్తయ్య కూడా చదువుతుంది కాబట్టి రెండు గంటలే పట్టింది.

రికార్డుల గదిలో గుమాస్తా పుస్తకాన్ని గుడ్డలో చుడుతున్నాడు. మావయ్య సంగతి చెప్పాడు.

"పెద్దాయనా, ఇందులో మీ గురించి ఒక పేజీ ఉంది. త్రాసు అక్కర్లేని మనిషి అని. ఈ వేళ సభలో చదివేది అదే. ఇప్పుడెందుకండీ ఇదంతా?"

"ఆ పేజీ కొట్టెయ్యి బాబూ. ఇది రాయి."

"నేను రాయకూడదండీ. దిద్దుబాటు కాగితం అంటించాలంటే ఆనాటి పైలట్‌గారు సంతకం పెట్టాలి."

ఆ పైలట్‌గారు బయట వరండాలోనే ఉన్నారు. చేతికర్ర పక్కన ఆనించి కూర్చుని, కప్పులో టీ ఊదుకుంటున్నారు. అంతా విని నవ్వారు.

"నాకు తెలుసోయ్. మూటలు తోసేటప్పుడు విమానం కో-పైలట్‌కి వదిలి నేనూ ఒక చెయ్యి వేశాను కదా. మోచేతుల దాకా నీళ్లు కారాయి."

మావయ్య ఏదో అనబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"సంతకం పెట్టాను, బరువు నాదైంది. తలకెత్తుకున్నది మళ్లీ నీ నెత్తిన పెట్టమంటావా? పెట్టను, పో."

"సార్, మీరు సంతకం పెట్టింది పొడి డేరాలకి. తడి మీకు నేను చెప్పలేదు. అది నా దగ్గరే ఉండిపోయింది."

ఆయన టీ తాగడం ఆపేశారు. అత్తయ్య వైపు తిరిగి, "ఏమ్మా, మీ ఆయన ఎప్పుడూ ఇంతేనా?" అన్నారు.

"సంతకం పెట్టెయ్యండి బాబూ. ఇరవై ఏడేళ్లుగా ఆ త్రాసుతో కాపురం చేస్తున్నాను."

ఆయన కప్పు పక్కన పెట్టారు. తర్వాత కర్ర ఊనుకుని లేచారు.

గుమాస్తా సొరుగులోంచి పాతకాలపు ఖాళీ తూకం కాగితం ఒకటి తీశాడు. బరువు రాసే చోట మావయ్య రాశాడు: 'డేరాలు తడిశాయి. పొడి బరువు రాశాను. మళ్లీ తూయలేదు. తప్పు నాది, పైలట్‌ది కాదు.' కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు. గుమాస్తా బంక రాసి పుస్తకంలో అంటించాడు. త్రాసు అక్కర్లేని మనిషి గురించిన పేజీ మీద అడ్డంగా గీత కొట్టాడు. సభలో ఆ పేజీకి బదులు ఈ నాలుగు మాటలూ మావయ్యే నిలబడి చదివాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయనా ఎదురుచూడలేదు.

బయటికొచ్చాక పైలట్‌గారు ఛాతీ విరిచి నిలబడ్డారు. "ఇప్పుడు చెప్పవోయ్, నా బరువెంత?"

మావయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. పెదవి దాకా వచ్చిన అంకె నాకు కనబడింది. మింగేశాడు.

"షెడ్డులో త్రాసు ఇంకా ఉంది సార్. రండి."

వంద అడుగులే. పైలట్‌గారి కర్ర నడకకి నూట ముప్పై అయ్యాయి. త్రాసు మీద ఆయన బరువు అరవై ఎనిమిది కిలోలు. ఇంకెవరైనా అయితే నేను రెండొందలని రాసేవాణ్ణి.